బుట్ట అడుగున రెండు రొట్టెలు

"గుమ్మంలో అలా నిలబడిపోయావేం నసీబ్? నోరు తెరు!" అంటూ ఎదురింటి ఛిందో ఓ లడ్డూ తీసి ఆమె నోట్లో కుక్కేసింది. "ఏడేళ్లమ్మా! ఏడేళ్లకి అన్నదమ్ములు కలిశారంటే మాటలా! పొద్దున్నే గురుద్వారా మైకులో వినగానే నాకు కళ్లనీళ్లు ఆగలేదనుకో. ఇంతకీ గోడ ఎప్పుడు పడగొడుతున్నారు?"

నోటినిండా లడ్డూ ఉంది కాబట్టి నసీబ్ కౌర్‌కి జవాబు చెప్పే పని తప్పింది. పొద్దుటి నుంచి ఇది నాలుగో లడ్డూ. ఒక్కోటీ మింగుతుంటే గొంతులో రాయి దిగుతున్నట్టుంది.

ఛిందో అటు వెళ్లిందో లేదో, లోపల గదిలోంచి గుర్మేల్ సింగ్ వచ్చాడు. తలపాగా సగమే చుట్టుకున్నాడు. మిగిలిన సగం భుజం మీంచి నేల మీదికి జీరాడుతోంది. పెళ్లయిన ముప్పై ఏళ్లలో మొగుణ్ణి ఆ అవతారంలో నసీబ్ చూడలేదు.

"బెబె ఎక్కడ?" అని తల్లి గురించి అడిగాడు.

"తన గదిలోనే. పచ్చిశనగలు ఒలుస్తోంది."

"ఒలుస్తోందా! ఊరంతా మన ఇంటి మీద పడితే తీరిగ్గా శనగలు ఒలుస్తోందా!"

తల్లి గది ఆ ఇంట్లో ఓ వింత. ఏడేళ్ల క్రితం వాకిలి మధ్యన గోడ కట్టినప్పుడు, ఆ గోడ సరిగ్గా హర్నామ్ కౌర్ గది దాకా వచ్చి ఆగింది. ఆ గదికి ఇటు పెద్దకొడుకు వైపు ఓ తలుపు, అటు చిన్నకొడుకు వైపు ఓ తలుపు. పొద్దుటి రొట్టె ఈ తలుపులోంచి, సాయంత్రం రొట్టె ఆ తలుపులోంచి. "నాకేం తక్కువ, రెండు ఇళ్లున్న దొరసానిని" అంటుంది అడిగినవాళ్లతో. నవ్వుతూనే అంటుంది. విన్నవాళ్లే తల తిప్పుకుంటారు.

గుర్మేల్ తలుపు తోశాడు. "గ్రంథం చదివే ఆ జ్ఞానీజీకి మతి పోయిందా బెబె? మేమెప్పుడు కలిశాం? తెల్లారకుండానే మైకులో ఆ మాటలేంటి?"

"ఆయన్నేం అనకు. నేను చెప్పమన్నదే చెప్పాడు పాపం." ముసలావిడ శనగకాయ ఒకటి చిట్లించి గింజ నోట్లో వేసుకుంది. "గొంతు మాత్రం బాగా పలికింది. 'మాతా హర్నామ్ కౌర్ కొడుకులు గుర్మేల్ సింగ్, నిర్భై సింగ్ ఒక్కటైనందుకు ఆ తల్లి గురువుకి కృతజ్ఞతలు చెప్పుకుంటూ ప్రసాదం సమర్పించింది' అన్నాడు. నాకే నిజమేనేమో అనిపించింది."

"నువ్వు చెప్పమన్నావా!"

"ఏడేళ్ల నుంచి రోజూ అర్దాస్ ప్రార్థనలో నిలబడి అడుగుతున్నాన్రా, వాళ్లిద్దర్నీ కలుపు తండ్రీ అని. అడిగీ అడిగీ నాకే విసుగొచ్చింది, వినీ వినీ ఆయనకెంత విసుగొచ్చిందో! అందుకని ఈసారి అడగలేదు. ఇచ్చేశావు, చాలా సంతోషం అని ముందే చెప్పేశాను. మొహమాటానికైనా ఇవ్వకపోతాడా అని."

నసీబ్‌కి నవ్వొచ్చింది. దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో అటువైపు తలుపు తెరుచుకుంది. నిర్భై సింగ్ గడప బయటే ఆగాడు. అన్న ఉన్న గదిలో అతను అడుగు పెట్టడు. అన్న కూడా అంతే. ఇవాళ మాత్రం ముందొచ్చిన గుర్మేల్‌కి తప్పించుకునే వీలు లేకపోయింది.

"బెబె, ఆ గదిలో ఉన్నాయనతో చెప్పు," అన్నాడు నిర్భై, గోడకేసి చూస్తూ. "ఈ నాటకంలో నాకేం భాగం లేదని చెప్పు. పొలంలో నీళ్లు పెట్టుకుంటుంటే నలుగురొచ్చి నన్ను కౌగిలించుకున్నారు. ఏం చెప్పాలో తెలీక చచ్చాను."

"బెబె, ఆ గడప మీదున్నాయనతో చెప్పు," అన్నాడు గుర్మేల్, చూరుకేసి చూస్తూ. "నాటకాలాడటం నాకు మాత్రం సరదా కాదని."

"మధ్యలో నేనేమన్నా తపాలా బంట్రోతునా? చెవులున్నాయిగా, వినండి," అంది తల్లి.

"నన్ను ఖాళీ చేతుల్తో లేపిన మనిషితో నాకు మాటల్లేవు," అన్నాడు నిర్భై. "కన్నతండ్రి బాపూ పోయిన పదో రోజున, ఊరంతా చూస్తుండగా, గురుద్వారా భోజనాల పంగత్‌లో అందరితో పాటు వరసగా కూర్చుని రెండు చేతులూ చాచాను. నా ముందు వాడికి రొట్టె వేశాడు. నా తర్వాత వాడి దగ్గరకి పోయాడు. శత్రువు వచ్చి కూర్చున్నా లంగరు భోజనంలో ఎవరూ అలా దాటిపోరు."

"బుట్ట ఖాళీ అయింది!" గుర్మేల్ అరిచాడు. "ఎన్నిసార్లు చెప్పాలి? నింపుకొద్దామని వెళ్లాను. వచ్చేసరికి దొరగారు లేచిపోయారు. ఓపిక లేని మనిషికి నేనేం చెయ్యను?"

నసీబ్ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

హర్నామ్ కౌర్ శనగల పళ్లెం పక్కన పెట్టింది. ఎనభై ఏళ్ల మనిషి, నడుం నిటారుగా నిలబెట్టి ఇద్దర్నీ చూసింది.

"సరే, నా మాటా వినండి. నేను దీక్ష తీసుకుని అమృతం పుచ్చుకుని యాభై ఏళ్లు దాటింది. గురువు ముందు ఇంతవరకూ అబద్ధం ఆడలేదు. ఇవాళ ఆడాను. ఎల్లుండి సంగరాంద్, నెల మొదటి రోజు, ఊరంతా వస్తుంది. ఆలోపల ఆ అబద్ధాన్ని నిజం చేశారా, మంచిది. చెయ్యలేదా, సంగత్‌గా కూడిన జనం ముందు నిలబడి అబద్ధం ఆడానని ఒప్పుకుంటాను. పంజ్ ప్యారేలు, ఆ ఐదుగురు పెద్దలు, ఏ తన్‌ఖా శిక్ష వేస్తే అది మోస్తాను. చెప్పులు తుడవమంటే తుడుస్తాను, అంట్లు తోమమంటే తోముతాను."

"ఈ వయసులో ఊరివాళ్ల చెప్పులు తుడుస్తావా? నన్ను బెదిరిస్తున్నావా?" అన్నాడు గుర్మేల్.

"నిన్నెందుకురా బెదిరించడం? తప్పు నాది, శిక్ష నాది. నీకేం పోయింది?"

రెండు తలుపులూ ఒకేసారి ధడాల్న మూసుకున్నాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం అన్నదమ్ములకి భలే పొత్తు కుదురుతుంది.

* * *

నసీబ్‌కి ఆ రోజు పని సాగలేదు. పాలు పొంగిపోయాయి. పిండిలో ఉప్పు రెండుసార్లు పడింది.

బుట్ట ఖాళీ కాలేదని ఆమెకి తెలుసు. ఆ మాట తెలిసిన మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే, మొగుడు కాక.

ఆ రోజు లంగరు వంటలో పెనం దగ్గర కూర్చున్నది ఆమే. గుర్మేల్ బుట్ట తెచ్చి ముందు పెట్టినప్పుడు, అడుగున మడతపెట్టిన గుడ్డ మీద రెండు రొట్టెలున్నాయి. మెత్తగా, ఇంకా వేడిగా. ఆమె వాటి మీదే కొత్తవి పేర్చి ఇచ్చింది. తర్వాత పంగత్‌లో ఏం జరిగిందో విన్నాక ఆ రెండు రొట్టెలూ గుర్తొచ్చాయి. గుర్తొచ్చినా నోరు విప్పలేదు.

ఎందుకు విప్పలేదంటే, మొదట్లో భయం. నిజం బయటపడితే ఇంకేం అవుతుందోనని. ఆ తర్వాత గోడ లేచింది, వంటిల్లు ఆమె ఒక్కదానిదే అయింది. తోడికోడలు కుల్వంత్ గిన్నెలు ఎక్కడ పెట్టిందోనని వెతుక్కునే పని లేదు, టీలో పంచదార ఎక్కువైందన్న సణుగుడు లేదు. అది హాయిగానే ఉందని ఆమె ఎవరితోనూ అనలేదు. తనతో తాను అనుకోవడానికి కూడా సిగ్గే. మొగుడు అబద్ధం ఆడాడు నిజమే, ఆ అబద్ధం నీడన తనూ చల్లగా కూర్చుంది కదా!

మర్నాడు మధ్యాహ్నం గుర్మేల్ పశువుల పాకలో గడ్డి కోసే యంత్రం తిప్పుతున్నాడు. నసీబ్ బర్సీం గడ్డి కట్ట విప్పి యంత్రం నోటికి అందిస్తోంది.

"బెబె అంత పని చెయ్యదులే," అన్నాడు గుర్మేల్, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

"చేస్తుంది. పొద్దున్నే తెల్ల దుపట్టా ఉతికి ఆరేసింది. రేపటికట."

చక్రం ఇంకాస్త జోరుగా తిరిగింది. "అయితే నన్నేం చెయ్యమంటావు? వాడి కాళ్లు పట్టుకోనా? బుట్ట ఖాళీ అయితే అది నా తప్పా?"

నసీబ్ చేతిలో గడ్డి పరక పరకా జారిపోయింది.

"రెండున్నాయి," అంది.

"ఏంటి?"

"బుట్ట అడుగున రెండు రొట్టెలున్నాయి సర్దార్‌జీ. వాటి మీదే నేను కొత్తవి పేర్చాను."

చక్రం ఆగింది. పాకలో గేదె ఒకటి గొలుసు కదిపింది. గుర్మేల్ చెయ్యి చక్రం పిడి మీదే ఉండిపోయింది.

అతను ఆమెకేసి తిరిగాడు. "ఏడేళ్లుగా తెలుసా నీకు?"

"తెలుసు."

"ఒక్కసారీ అనలేదేం?"

"మీరు అడగలేదు. నాకు ధైర్యం లేదు. అంతకన్నా..." ఆమె ఆగింది, మళ్లీ తల ఎత్తింది. "వేరుకాపురం నాకూ నచ్చింది. అదీ నిజమే. మిమ్మల్ని ఒక్కరినే అనడం లేదు."

అతను గడ్డి మోపు మీద కూలబడ్డాడు. తిడతాడనుకుంది. చెయ్యి ఎత్తే మనిషి కాదు గానీ గొంతు మాత్రం ఎత్తుతాడు. ఈసారి అదీ లేదు.

"బాపూ మంచాన పడ్డాక ఏడాదిన్నర చేసింది ఎవరు?" అన్నాడు, నేలకేసి చూస్తూ. "మందులు నేను పట్టాను. పక్కబట్టలు నేను మార్చాను. భుజాన వేసుకుని ఎండలో కూర్చోబెట్టాను. అప్పట్లో లారీ తోలేవాడు కదా, వాడు రెణ్ణెల్లకోసారి దిగొచ్చి కాళ్లు ఒత్తి పోయేవాడు. ఆఖరి వారం రోజులూ బాపూ నా మొహంలోకి చూసి నన్ను ఏమని పిలిచాడో తెలుసా? 'నిర్భై, వచ్చావా' అని. నీళ్లిస్తే నిర్భై, అన్నం పెడితే నిర్భై. ఒక్కసారన్నా నా పేరు పలకలేదు."

నసీబ్‌కి ఇది తెలీదు. ముప్పై ఏళ్లు పక్కన ఉండి కూడా తెలీదు.

"ఆ రోజు పంగత్‌లో వాడి చేతులు చూశాను," అన్నాడు. "అచ్చం బాపూ చేతులే. చెయ్యి బుట్టలోకి పోలేదే. కాళ్లు వాటంతటవే ముందుకి పోయాయి. నాలుగడుగులు వేశాక వెనక్కి రావాలనుకున్నాను. సిగ్గేసింది. బుట్ట నింపుకొద్దాం అన్న వంకతో నీ దగ్గరకొచ్చాను. వచ్చేసరికి వాడు లేడు."

"ఈ మాట అతనికి చెప్పొచ్చుగా?"

"ఏడేళ్లు ఖాళీ బుట్ట ఖాళీ బుట్ట అని అరిచి, ఇప్పుడా?" అతను లేచి చెయ్యి దులుపుకున్నాడు. "నువ్వు కూడా ఎవరితోనూ అనకు."

"ఇన్నాళ్లూ అనలేదుగా," అంది నసీబ్.

ఆ సాయంత్రం అతను కంచం ముట్టలేదు. ఆమె కూడా రెండోసారి తినమనలేదు.

* * *

సంగరాంద్ రోజు గురుద్వారా కిటకిటలాడింది. చేత్ నెల, గోధుమ కంకి రంగు తిరిగే వేళ, అందరి ముఖాల్లోనూ కాస్త కళ ఉంది. మగవాళ్లు ఓ పక్క, ఆడవాళ్లు ఓ పక్క కూర్చున్నారు. నసీబ్ రొట్టెల సేవకి పోవాల్సింది, పోలేదు. బెబె పక్కనే ఒదిగి కూర్చుంది. వెనక వరసలో కుల్వంత్ ఒక్కతే ఉంది. నిర్భై రాలేదు. ఏడేళ్లలో ఏ సంగరాంద్‌కీ రాలేదు. పక్క ఊరి గురుద్వారాకి పోతాడు.

గుర్మేల్ మాత్రం వచ్చాడు. స్తంభం పక్కన, తల వంచుకుని.

అర్దాస్ అయింది. అందరి మేలూ కోరి జనం మోకాళ్ల మీద వంగి నుదురు నేలకి ఆనించి లేచారు. జ్ఞానీజీ గ్రంథం తెరిచి ఆ రోజు వాక్కు చదివాడు. చదివాక మైకు ఆపాలి. ఆ పని ఆయన ఎన్నడూ గుర్తుంచుకోడు. కిందటేడు ఆయన టీలో చక్కెర లేదని ఇల్లాలిని సతాయించడం ఊరు ఊరంతా పొలాల్లో నిలబడి విని ఆనందించింది. ఇవాళ కూడా మైకు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నసీబ్ చూసింది. చెప్పబోయింది.

అప్పటికే బెబె లేచింది.

తెల్ల దుపట్టా సర్దుకుని, గ్రంథం ముందుకి నడిచి, సంగత్ వైపు తిరిగి చేతులు జోడించింది. "గురువు లాంటి సంగత్‌కి ఓ మనవి. నా వల్ల ఓ తప్పు జరిగింది..."

"బెబె, కూర్చో."

స్తంభం దగ్గర్నుంచి గుర్మేల్ వస్తున్నాడు. అంత లావాటి మనిషి, ఎవరి కాలు తొక్కుతానోనని దడుస్తున్నట్టు చిన్నచిన్న అడుగులు వేస్తూ వచ్చాడు. తల్లి పక్కన నిలబడ్డాడు.

"మా అమ్మ అబద్ధం చెప్పింది నిజమే," అన్నాడు. "మేం కలవలేదు. కానీ ఆ అబద్ధానికి ముందు నాదొకటుంది. ఏడేళ్ల కింద ఇక్కడి పంగత్‌లోనే నా తమ్ముడు చేతులు చాస్తే దాటిపోయాను. బుట్ట ఖాళీ అయిందని మీ అందరితో చెప్పాను. ఖాళీ కాలేదు. రెండు రొట్టెలున్నాయి. ఒకటి వాడిది. కావాలనే వెయ్యలేదు. అసూయతో వెయ్యలేదు. సంగత్ క్షమించాలి. ఏ తన్‌ఖా వేసినా తలవంచి చేస్తాను."

చంటిపిల్ల ఒకతి ఏడవబోయి, తల్లి చెయ్యి నోటికి అడ్డం పడేసరికి మానేసింది. ఛిందో ముక్కు చీదుకుంది. నసీబ్ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. తన మొగుణ్ణి చూసి ఆమెకి ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

అమృతం పుచ్చుకున్న పెద్దలు ఐదుగురు లేచి పక్కకి వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. వాళ్లలో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మాతాజీ ఐదు రోజులు జప్‌జీ ప్రార్థన అదనంగా ఒకసారి చదవాలి."

"అంతేనా?" అంది బెబె. "అది నేను ఎలాగూ చదువుతాను. అదీ ఓ శిక్షేనా? చెప్పులు ఇవ్వండి నాకు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన కూడా గడ్డం కింద నవ్వు దాచుకున్నాడు. "సరే, ఇవాళ్టికి చెప్పుల సేవ. గుర్మేల్ సింగ్ మాత్రం నలభై రోజులు లంగరులో రొట్టెలు వడ్డించాలి. ఆఖరి మనిషి తిని లేచేదాకా తను తినకూడదు. ఇవాళే మొదలు."

అప్పుడు కుల్వంత్ వెనక నుంచి పాక్కుంటూ వచ్చి నసీబ్ చెవిలో అంది, ఏడేళ్లలో మొదటిసారి. "అక్కా, మైకు ఆపలేదు."

"తెలుసు," అంది నసీబ్. "మీ ఆయన ఎక్కడున్నారు?"

"బోరు దగ్గర. గురుద్వారాకి అదెంత దూరం? అక్షరం పోకుండా వినపడుతుంది."

తోడికోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

* * *

లంగరులో మొదటి పంగత్ కూర్చుంది. నసీబ్ పెనం దగ్గర కాలుస్తోంది, కుల్వంత్ ఒత్తుతోంది. గుర్మేల్ బుట్ట పట్టుకుని వరస వెంట వంగి వంగి నడుస్తున్నాడు. "ప్రసాదం" అంటూ ఒక్కొక్కరి చేతుల్లో రొట్టె పెడుతున్నాడు. ఎవర్నీ దాటిపోకుండా, ప్రతి ముఖం చూసుకుంటూ.

"వచ్చాడక్కా," అంది కుల్వంత్. అప్పడాల కర్ర ఆమె చేతిలోంచి దొర్లిపోయింది.

వాకిట్లో చెప్పుల దగ్గర బెబె కూర్చుని ఉంది. ఆమె ముందు నిర్భై సింగ్ నిలబడ్డాడు. పైజామా మోకాళ్ల దాకా బురద. చెప్పులు విప్పి తల్లి చేతికి ఇవ్వడానికి జంకుతున్నాడు. బెబె లాక్కుంది. కొంగుతో బురద తుడిచి, మిగతా వాటితో పాటు వరసలో పెట్టింది. "పో, కడుక్కుని పోయి కూర్చో. ఇంకా వడ్డన అవుతోంది" అనడం ఇక్కడిదాకా వినిపించింది.

అతను కాళ్లు, చేతులు కడుక్కున్నాడు. తల వంచుకుని వచ్చి వరస చిట్టచివర కూర్చున్నాడు. ఎవర్నీ చూడలేదు. ముందు పళ్లెంలో పప్పు పడింది. గుర్మేల్ ఇటు చివర నుంచి వస్తున్నాడు. ఆరుగురు, ఐదుగురు, నలుగురు. నసీబ్ పెనం మీద రొట్టె తిప్పడం మర్చిపోయింది.

గుర్మేల్ తమ్ముడి ముందు ఆగాడు.

నిర్భై కాసేపు చేతులు మోకాళ్ల మీదే ఉంచుకున్నాడు. తర్వాత మెల్లగా ఎత్తాడు. రెండు అరచేతులూ కలిపి చాచాడు.

గుర్మేల్ బుట్టలో చెయ్యి పెట్టాడు. వెతికాడు. గుడ్డ ఎత్తి చూశాడు.

బుట్ట ఖాళీ. ఈసారి నిజంగానే ఖాళీ.

"నిర్భై..." అన్నాడు. ఏడేళ్ల తర్వాత ఆ పేరు. బుట్ట వంచి అడుగు చూపించాడు. "చూడు. ఒట్టు. చూడరా. లేవకు. ఇప్పుడే వస్తాను, లేవకు."

ఆ బరువు మనిషి పెనం దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఒకటి, ఒక్కటి ఇవ్వు!" కాలినవన్నీ అంతకుముందే ఆడవాళ్ల వరసకి పోయాయి. పెనం మీద ఒక్కటే ఉంది, ఓ వైపు మాడుతూ, మరో వైపు పచ్చిగా. నసీబ్ దాన్ని తిరగేసింది.

"కాలనివ్వండి," అంది. "పచ్చిది పెడతారా తమ్ముడికి?"

"లేచిపోతాడే!"

వరసలో అందరూ తినడం మొదలుపెట్టారు. కొందరు రెండో రొట్టె అడుగుతున్నారు. రొట్టె అంచు చిన్నగా లేచింది, ఇంకా పొంగలేదు. నసీబ్ మొగుడి భుజం మీంచి తొంగి చూసింది.

నిర్భై లేవలేదు. చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి.